బంతి రాకముందు

మే 22, 2025, గురువారం

సాయంత్రం ఫోన్‌లో వార్త చూశాను. క్రొయేషియా ఫుట్‌బాల్ ఆటగాడు లూకా మోడ్రిచ్ రియల్ మాడ్రిడ్ క్లబ్ వదిలి వెళ్తున్నాడు. శనివారం బెర్నబ్యూ మైదానంలో ఆఖరి ఆట, తర్వాత అమెరికాలో క్లబ్ ప్రపంచ కప్, అంతటితో సరి. 13 ఏళ్లు. సెప్టెంబరులో అతనికి 40 నిండుతాయి. ఎప్పుడో ఒకప్పుడు ఈ వార్త వస్తుందని తెలుసు. అయినా చదివాక కాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

ఈ నోటుబుక్కు వేసవి శిబిరంలో నేను ఆట నేర్పే పిల్లల హాజరు కోసం కొన్నది. ముందు పేజీల్లో వాళ్ల పేర్లు, టిక్కులు. వెనక పేజీల నుంచి మోడ్రిచ్ గురించి రాసుకుంటూ వస్తాను. గోల్ కొట్టేవాళ్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నడిమిట్ల ఆడేవాడి పని ఎవరో ఒకరు ఒక్కచోట రాసి పెట్టాలి. నేను ఆడిన రోజుల్లో నాదీ అదే చోటు. మావాళ్లు దాన్ని హాఫ్ అనేవాళ్లు.


మే 24, శనివారం, రాత్రి

ఆట మన టైముకు 7.45కి మొదలైంది. రియల్ సొసియెడాడ్ మీద 2-0. రెండూ ఎంబాపే గోల్స్. స్కోరు గురించి ఇంతకు మించి రాయాల్సింది లేదు.

ఇవాళ బంతిని చూడొద్దు, అతన్నొక్కడినే చూడాలి అని కూర్చున్నాను. ఎంత కష్టమో కూర్చున్నాకే తెలిసింది. కెమెరా బంతి వెంట పోతుంది, మన కళ్లు కెమెరా వెంట పోతాయి. అయినా అతను తెర మీదికి వచ్చిన ప్రతిసారీ అతని మెడనే చూశాను. బంతి ఎక్కడో అవతల ఉన్నప్పుడు కుడి భుజం మీదుగా ఒక చూపు, ఎడమ భుజం మీదుగా ఒక చూపు. పెద్ద రోడ్డు దాటే మనిషిలా. ఎన్నిసార్లు తిప్పాడో లెక్కపెడదామనుకున్నాను. రెండు నిమిషాలకే లెక్క తప్పింది.

చివర్లో అతన్ని బయటికి పిలిచారు. రెండు జట్లవాళ్లూ వరసలు కట్టి చప్పట్లు కొడుతుంటే మధ్యలోంచి నడిచి వచ్చాడు. గీత దగ్గర టోనీ క్రోస్ నిలబడి ఉన్నాడు. నిరుడే ఆట మానేసిన మనిషి. ఇద్దరూ కావలించుకున్నారు. పదేళ్లు పక్కపక్కన ఆడినవాళ్లు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు.


మే 25, ఆదివారం

పిల్లలకు కొత్త పాఠం మొదలుపెట్టాను. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడాలి. ఒకరు బంతి పంపుతారు, ఇంకొకరు అందుకుంటారు. అందుకునేవాళ్ల వెనక నేను వేళ్లు చూపిస్తాను. బంతి కాలికి తగలకముందే తల తిప్పి చూసి, ఎన్ని వేళ్లో గట్టిగా చెప్పాలి. చెప్పకపోతే ఆ బంతి లెక్కలోకి రాదు.

మొదటి రోజు దాదాపు అందరి బంతులూ కాళ్ల కిందినుంచి పోయాయి. తల తిప్పితే బంతి పోతుంది, బంతిని చూస్తే వేళ్లు కనబడవు.

"ఎందుకు సార్ గీ తలకాయ తిప్పుడు?"

నార్వేలో గైర్ యోర్డెట్ అనే ప్రొఫెసర్ ఏళ్ల తరబడి ఇదే విషయం మీద పనిచేశాడు. ఆటగాడికి బంతి అందే ముందు కొన్ని సెకన్లలో అతను ఎన్నిసార్లు చుట్టూ చూశాడో వీడియోల్లో లెక్కగట్టాడు. ఎక్కువగా చూసినవాళ్ల పాస్‌లే ఎక్కువగా సరైన చోటికి చేరాయని తేల్చాడు. పిల్లలకు ప్రొఫెసర్ సంగతి చెప్పలేదు. "బంతి వచ్చినంక చూస్తే అప్పటికే మీద మనిషి ఉంటడు" అన్నాను. అది వెంటనే అర్థమైంది.


మే 28, బుధవారం

ఒక పాత వీడియో మళ్లీ చూశాను. వెలెబిత్ కొండల్లో తోడేళ్ల గురించి తీసిన డాక్యుమెంటరీలోది. అయిదేళ్ల పిల్లవాడు మందపాటి కోటు వేసుకుని, చేతిలో కర్రతో మేకలను తోలుతున్నాడు. అతనే మోడ్రిచ్. తీసినవాళ్లకు ఆ పిల్లవాడు ఎవరవుతాడో తెలియదు. వాళ్లకు కావాల్సింది తోడేళ్లు.

పుట్టింది 1985లో, జాదర్ పట్నంలో. అప్పటికి క్రొయేషియా యుగోస్లావియాలో భాగం. పెరిగింది కొండ వాలు మీద మోడ్రిచి అనే చిన్న పల్లెలో, తాత రాతి ఇంట్లో. తల్లిదండ్రులు అల్లిక బట్టల ఫ్యాక్టరీలో పనికి పోయేవాళ్లు, పిల్లవాడు ఎక్కువగా తాత దగ్గరే ఉండేవాడు. తాత పేరూ లూకాయే. మనలాగే తాత పేరు మనవడికి.

యుద్ధం వచ్చింది. 1991 డిసెంబరు 18న పశువులను మేపడానికి పోయిన తాతను సెర్బు తిరుగుబాటు మూకలు కాల్చి చంపాయి. మనవడికి అప్పుడు ఆరేళ్లు. ఇల్లు తగలబెట్టారు. కుటుంబం కట్టుబట్టలతో జాదర్‌కు పారిపోయింది.

ఆ ఇంటి మొండిగోడలు ఇంకా నిలబడే ఉన్నాయి. చుట్టూ మందుపాతరలున్నాయనే బోర్డుల ఫొటోలు నేను చూశాను. ఇవాళ ఇంక రాయలేను.


జూన్ 2, సోమవారం

జాదర్‌లో వాళ్లు ఉన్నది హోటల్లో. మొదట కొలొవారె, తర్వాత ఇజ్. పేరుకు హోటళ్లు. యుద్ధంలో అవి ఇల్లు పోయినవాళ్ల శిబిరాలు. ఒక కుటుంబానికి ఒక గది. ఏళ్ల తరబడి అలాగే. తండ్రి స్టిపె సైన్యంలో విమానాల మెకానిక్‌గా చేరాడు.

ఆ పిల్లవాడు హోటల్ పార్కింగ్ స్థలంలో పొద్దస్తమానం బంతితోనే ఉండేవాడట. హోటల్లో పనిచేసే మనిషి ఒకరు చూసి ఎన్‌కే జాదర్ క్లబ్ పెద్దకు కబురు పెట్టారు. అలా క్లబ్బులో చేరాడు. ఊరి మీద గుండ్లు పడుతున్న రోజులవి. ప్రాక్టీసుకు పోతూ పోతూ దారిలో షెల్టర్లలోకి పరిగెత్తేవాళ్లు.

పార్కింగ్ స్థలం గురించే ఆలోచిస్తున్నాను. సిమెంటు నేల, ఆగి ఉన్న కార్లు, గోడలు. బంతి గట్టిగా కొడితే ఎవరిదో అద్దం పగులుతుంది. దగ్గరదగ్గరగా, మెత్తగా, అనుకున్న చోటికే పంపాలి. చిన్న సందులో తిరగడం అతనికి అక్కడే అబ్బిందని నాకనిపిస్తుంది. ఇది నా ఊహే. కానీ మా పిల్లల్లో ఇరుకు వాకిళ్లలో ఆడి వచ్చినవాళ్లకూ పెద్ద మైదానంలో మొదలుపెట్టినవాళ్లకూ తేడా నేను రోజూ చూస్తున్నాను.

ఒక్క మాట. యుద్ధం వల్లే గొప్పవాడయ్యాడని రాసేవాళ్లంటే నాకు కోపం. ఆ హోటళ్లలో అతనిలాంటి పిల్లలు ఇంకా ఎందరో ఉన్నారు. తాత బతికి, ఇల్లు నిలిచి, మేకలు కాసుకుంటూ పెరిగినా ఆ పిల్లవాడు బంతి వదిలేవాడు కాదు.


జూన్ 7, శనివారం

శిబిరంలో ఒక పిల్ల ఉంది. ఈ ఏడు ఎనిమిదో తరగతికి వస్తుంది. పేరు రాయను. కిందటి ఏడాది సెలెక్షన్లకు తీసుకుపోతే బంతి కాలికి తగలకముందే వెనక్కి పంపారు. గోడకు ఎత్తు కొలిచే పట్టీ అంటించి ఉంది. ఆ గీత దాకా రాలేదు. అంతే. బస్సులో వచ్చేటప్పుడు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నిజామాబాద్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆట చూడకుండా పంపడం తప్పని అక్కడ గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

మోడ్రిచ్‌కు 12 ఏళ్లప్పుడు ఇదే జరిగింది. స్ప్లిత్ నగరంలో హైదుక్ క్లబ్. ఆ తీరం వెంట ప్రతి పిల్లవాడి కల ఆ జెర్సీ. ట్రయల్స్‌కు పోతే చిన్నగా ఉన్నాడు, బలం లేదు అని పంపేశారు. ఆట మానేద్దామన్నంత కుంగిపోయాడు.

నిలబెట్టింది జాదర్ కోచ్ టొమిస్లావ్ బాషిచ్. మోడ్రిచ్ అతన్ని ఆటలో తండ్రి అని చెప్పుకుంటాడు. ఇలాంటి కోచ్‌లకు పతకాలుండవు. పిల్లవాడిని నాలుగేళ్లు కాపాడి ఎవరి చేతిలోనో పెడతారు, అక్కడితో వాళ్ల పేరు ఆగిపోతుంది. నేను బాషిచ్ పేరు గ్రౌండ్ షెడ్డులో బోర్డు మీద రాశాను. పిల్లలు ఎవరు సార్ అని అడుగుతారు, చెబుతాను.

మోడ్రిచ్ ఇప్పటికీ 172 సెంటీమీటర్లే.


జూన్ 12, గురువారం

బడులు తెరిచారు. శిబిరం అయిపోయింది. ఇకనుంచి ఉదయం 5.30 నుంచి 7 దాకా, వచ్చినవాళ్లతోనే.

మోడ్రిచ్‌ను తీసుకున్నది డైనమో జాగ్రెబ్. 2002లో, 16 ఏళ్లకు. ఈ పేరు మా పిల్లలకు కొత్త కాదు. మా జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో ఆ క్లబ్ మహిళల జట్టులో చేరింది. మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌తో కలిసి. తండా నుంచి జాగ్రెబ్‌కు. సౌమ్య ఆడేది పైన, రెక్క మీద. అందుకే మా ఆడపిల్లలందరికీ పైనే ఆడాలని ఉంటుంది. నడుమ ఎవరు ఉంటారంటే చేతులు కిందికే ఉంటాయి.

ఒక్క చెయ్యి లేచింది. పట్టీ గీత అందని పిల్లది.


జూన్ 15, ఆదివారం

జాగ్రెబ్ వాళ్లు అతన్ని వెంటనే ఆడించలేదు. 2003లో బోస్నియాకు, మోస్తార్ నగరంలో జ్రిన్స్కీ క్లబ్బుకు అరువు ఇచ్చారు. అక్కడ ఆట మొరటు. మైదానాలు గతుకులు, మోకాళ్ల మీద తన్నులు, రిఫరీలు చూసీ చూడనట్టు ఉండడం. 18 ఏళ్ల బక్క పిల్లవాడు. ఆ లీగ్‌లో ఆడగలిగినవాడు ఎక్కడైనా ఆడగలడని తర్వాత తనే అన్నాడు. ఆ లీగ్‌లోనే ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు.

గతుకుల మైదానంలో మొదటి స్పర్శ తప్పితే రెండోది ఉండదు. మా గ్రౌండ్ నల్లరేగడి. ఎండలో బీటలు, వానలో బురద. నాకు తెలుసు.

మరుసటి ఏడాది ఇంటర్ జాప్రెషిచ్‌కు ఇంకో అరువు. 2005లో డైనమో పదేళ్ల కాంట్రాక్టు ఇచ్చింది. ఆ డబ్బుతో మొదట కొన్నది జాదర్‌లో అమ్మానాన్నలకు ఇల్లు. హోటల్ గదుల తర్వాత వాళ్లకు సొంత తలుపు.


జూన్ 20, శుక్రవారం

వాన. ప్రాక్టీసు లేదు.


జూన్ 22, ఆదివారం

ఇంగ్లండ్ రోజులు త్వరగా రాసేస్తాను. 2008లో టాటెన్‌హామ్. 14వ నంబరు. ఇంత సన్నటివాడు ఇక్కడ నిలుస్తాడా అన్నారు. 2009లో కాలి ఎముక విరిగింది. నిలిచాడు. 2011లో చెల్సీకి పోతానన్నాడు, క్లబ్ పంపలేదు.

2012 ఆగస్టులో మాడ్రిడ్. సీజన్‌కు ముందు ప్రాక్టీసు లేకుండా వచ్చి చేరాడు. నాలుగు నెలలకే అక్కడి పత్రిక మార్కా పాఠకుల ఓటింగులో ఆ ఏటి అన్నింటికన్నా చెత్త కొనుగోలుగా అతన్ని తేల్చారు. 597 ఆటలు, 28 ట్రోఫీలు రాబోయే మనిషిని.

వాళ్లను తప్పు పట్టాలని లేదు. నడుమ ఆడేవాడు మిగతా పదిమందినీ చదవాలి. ఎవరికి బంతి ఏ కాలికి కావాలి, ఎవరు పరిగెత్తుతూ అందుకుంటారు, ఎవరు నిలబడి అడుగుతారు. అది నాలుగు నెలల పని కాదు. కొత్త ఊరికి బదిలీ అయిన టీచరుకు పిల్లల పేర్లు రావడానికే ఒక టర్ము పడుతుంది.

2013 మార్చి 5, ఓల్డ్ ట్రాఫర్డ్. మాంచెస్టర్ యునైటెడ్ ఒక గోల్ ముందుంది. వాళ్ల ఆటగాడు నానీకి రెడ్ కార్డు. మోడ్రిచ్‌ను బెంచి మీదినుంచి లేపి పంపారు. కొద్ది నిమిషాల్లోనే దూరం నుంచి కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలి లోపలికి పోయింది. ఆ రాత్రి నుంచి ఓటింగులు ఆగాయి.


జూన్ 29, ఆదివారం

2014, లిస్బన్, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. అట్లెటికో 1-0తో గెలుస్తోంది. గడియారం 90 దాటింది. కార్నర్. సెర్హియో రామోస్ తలతో కొట్టిన గోల్ మాడ్రిడ్ జనానికి నిమిషం, సెకను సహా కంఠతా వచ్చు, 92.48. అదనపు సమయంలో 4-1. పన్నెండేళ్లు ఎదురుచూసిన పదో కప్పు.

కార్నర్ కొట్టింది మోడ్రిచ్. మా పిల్లలకు ఆ వీడియో చూపించి, గోల్ కావడానికి కాస్త ముందు ఆపాను. "గిప్పుడు వీళ్లల్ల ఎవ్వరి చేతుల ఉంది ఆట?" అని అడిగాను. అందరూ రామోస్‌నే చూపించారు. నిజానికి ఆ క్షణంలో మూలన జెండా దగ్గర, గంటన్నర ఆట కాళ్లలో పెట్టుకుని, బంతిని సర్దుకుంటున్న మనిషి మీద ఉంది ఆట. ఒక అడుగు అటు పడితే గోలీ చేతుల్లోకి, ఒక అడుగు ఇటు పడితే అవుట్.

ఆ తర్వాత 2016, 2017, 2018. వరసగా మూడు. వెనక కాసెమీరో, ఎడమన క్రోస్, కుడిన మోడ్రిచ్. కాసెమీరో బంతి గుంజుకునేవాడు, క్రోస్ దానికి దారి చూపేవాడు, మోడ్రిచ్ దాన్ని వెంటబెట్టుకుని నడిపించేవాడు. ఆ ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూస్తే ఏమీ తెలియదు. కలిపి చూడాలి. 2022లో, 2024లో ఇంకో రెండు కప్పులు. మొత్తం ఆరు.


జూలై 1, మంగళవారం

సరిగ్గా ఏడేళ్ల కిందట ఇదే రోజు. 2018 ప్రపంచ కప్, నిజ్నీ నోవ్‌గొరొద్, డెన్మార్క్‌తో ప్రీ క్వార్టర్స్. 1-1. 116వ నిమిషంలో క్రొయేషియాకు పెనాల్టీ. మోడ్రిచ్ కొట్టాడు. డెన్మార్క్ గోలీ కాస్పర్ ష్మైకేల్ పట్టేశాడు.

అప్పుడు అతని ముఖం నాకింకా కళ్ల ముందే ఉంది. అంతకు పదేళ్ల ముందు, 2008 యూరోలో తుర్కియే చేతిలో షూటౌట్‌లో ఓడినప్పుడు కూడా అతని కిక్కు గోల్‌కు దూరంగా పోయింది. అది మనసులో మెదలకుండా ఉంటుందా? అయినా డెన్మార్క్ ఆట షూటౌట్‌కు పోగానే మళ్లీ బంతి తీసుకుని నడిచాడు. ఈసారి గోల్. క్రొయేషియా గెలిచింది.

నిరుడు లైప్‌సిగ్‌లో ఇంకోసారి. 2024 యూరో, ఇటలీతో. అతని పెనాల్టీని ఇటలీ గోలీ డొన్నరుమ్మ ఆపాడు. నిమిషం తిరగకముందే మళ్లీ గోల్ ముందు ఉన్నాడు, కొట్టాడు. 38 ఏళ్ల వయసులో. యూరో చరిత్రలో గోల్ కొట్టినవాళ్లలో అందరికన్నా పెద్దవాడు. ఆ గోల్ నిలిస్తే జట్టు ముందుకు పోయేది. 98వ నిమిషంలో ఇటలీ సమం చేసింది. ఆట అయ్యాక ఒక ఇటలీ విలేకరి ప్రశ్న అడగకుండా, మీరు ఎప్పటికీ ఆట మానొద్దని అతన్ని వేడుకున్నాడు. నేనూ ఆ మాటే అనేవాడిని.


జూలై 3, గురువారం

ఇది రాయకుండా వదిలితే ఈ నోటుబుక్కు సగమే అవుతుంది.

2017లో డైనమో జాగ్రెబ్ పాత పెద్ద జ్ద్రావ్కో మామిచ్ మీద ఆటగాళ్ల బదిలీల డబ్బు విషయంలో కేసు నడిచింది. మోడ్రిచ్ సాక్షి. టాటెన్‌హామ్‌కు పోయినప్పటి ఒప్పందం కాగితాల గురించి ముందు చెప్పినదానికీ కోర్టులో చెప్పినదానికీ తేడా వచ్చింది. చాలా ప్రశ్నలకు గుర్తులేదన్నాడు. దేశమంతా మండిపడింది. ఒకప్పుడు శరణార్థిగా ఉన్న ఇజ్ హోటల్ గోడ మీదే, ఈ రోజు నీకు ఒకనాడు గుర్తొస్తుందనే అర్థంలో అతనికి హెచ్చరిక రాశారు. 2018 మార్చిలో అబద్ధపు సాక్ష్యం అభియోగం. ప్రపంచ కప్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు మామిచ్‌కు శిక్ష పడింది. మోడ్రిచ్ మీద అభియోగాన్ని ఆ ఏడాది చివర్లో కొట్టేశారు.

కోర్టు విషయంలో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. చేతిలో ఏమీ లేని కుర్రవాడికి, క్లబ్బునంతటినీ గుప్పిట్లో పెట్టుకున్న పెద్దమనిషికి మధ్య కాగితం మీద సంతకం ఎలా పడుతుందో మాత్రం ఊహించగలను. జనం కోపమూ న్యాయమైనదే. వాళ్లు ప్రేమించిన మనిషి నోటినుంచి నిజం వినాలనుకున్నారు. నా మనసు ఈ రెంటి మధ్య ఇప్పటికీ కుదుటపడలేదు.


జూలై 10, గురువారం, తెల్లవారుజాము

12.30కి మొదలైంది. క్లబ్ ప్రపంచ కప్ సెమీస్. పారిస్ చేతిలో 4-0. మోడ్రిచ్ రెండో సగంలో వచ్చాడు, అప్పటికే అంతా అయిపోయింది. తెల్ల జెర్సీలో ఆఖరి ఆట ఇలా ముగిసింది.

గట్టిగా నొచ్చుకోవాలి. కానీ ఓడిన ఆటలోనూ అతను మెడ తిప్పుతూనే ఉన్నాడు. నాలుగు గోల్స్ వెనక ఉన్నప్పుడు చూడాల్సిన అవసరం ఎవరికుంటుంది?


జూలై 15, మంగళవారం

నిన్న మిలాన్ ప్రకటించింది. మోడ్రిచ్ ఇక ఏసీ మిలాన్. చిన్నప్పటినుంచీ అది అతనికి ఇష్టమైన క్లబ్. కారణం జ్వొనిమీర్ బోబన్. క్రొయేషియా నుంచి పోయి మిలాన్ నడిమిట్ల ఆడిన మనిషి. మిలాన్ జెర్సీ మీద ఇప్పుడు మళ్లీ ఆ 14.

ఇవాళే 2018 ఫైనల్ జరిగి ఏడేళ్లు. మాస్కోలో ఫ్రాన్స్ 4, క్రొయేషియా 2. క్రొయేషియా జనాభా 40 లక్షలు. హైదరాబాద్‌లో సగం కూడా ఉండదు. వరసగా మూడు ఆటలు 120 నిమిషాలకు లాగి వచ్చారు. ఫ్రాన్స్‌కు అదనపు సమయం ఒక్కసారీ పడలేదు. అంటే ఫైనల్ నాటికి క్రొయేషియా కాళ్లలో ఒక ఆట ఎక్కువ ఉంది.

ఆట అయ్యాక జోరు వాన. అందరూ తడిసి ముద్దయ్యారు. టోర్నీ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బంగారు బంతిని మోడ్రిచ్ అందుకున్నాడు. ముఖంలో సంతోషం జాడ లేదు. పక్కనే ఉన్న కప్పు వైపు చూపు. ఆ ఏడాది డిసెంబరులో, ఏటి మేటి ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ కూడా అతనికే. 2008 నుంచి పదేళ్లు మెస్సీ, రొనాల్డో తప్ప ఇంకెవరూ ముట్టుకోని బహుమతి. గోల్స్ కొట్టి గెలుచుకునే బహుమతిని గోల్స్ కొట్టని మనిషి గెలిచాడు. మాడ్రిడ్‌లో 597 ఆటల్లో అతనివి 43 గోల్సే.

ఆ బహుమతి వచ్చిన రాత్రి నేను ఇంటి ముందు వీధిలోకి వచ్చి నిలబడ్డాను. చెప్పుకోవడానికి ఎవరూ మేలుకుని లేరు.


జూలై 27, ఆదివారం

పాదం బయటి అంచు. దీని గురించి ఒక రోజంతా రాయొచ్చు.

2022 ఏప్రిల్ 12. చెల్సీ బెర్నబ్యూకు వచ్చి మూడు గోల్స్ కొట్టింది. ఛాంపియన్స్ లీగ్ నుంచి మాడ్రిడ్ బయటికి పోవడానికి పది నిమిషాలే ఉంది. ఎడమవైపు మోడ్రిచ్‌కు బంతి. మామూలుగా అయితే ఎడమ కాలితో కొట్టాలి, లేదా తిరిగి కుడి కాలి లోపలి అంచుతో కొట్టాలి. తిరిగితే ఒక క్షణం పోతుంది. ఆ క్షణంలో డిఫెన్సు సర్దుకుంటుంది. అతను తిరగలేదు. కుడి పాదం బయటి అంచుతో కోశాడు. బంతి డిఫెండర్ల తలల మీదుగా వంపు తిరిగి సరిగ్గా రొడ్రిగో పాదం ముందు దిగింది. గాల్లోనే గోల్. అదనపు సమయంలో బెంజెమా ముగించాడు.

అందరూ ఆ వంపును చూస్తారు. బంతి రాకముందే రొడ్రిగో ఎటు కదులుతున్నాడో అతను చూసి పెట్టుకోకపోతే ఆ వంపు ఎక్కడికి పోయేది?

నాకు ఆట నేర్పిన మాస్టారు హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ పద్ధతి చూసి పెరిగిన మనిషి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం, రెండింటికీ మన జట్టు కోచ్ రహీం సాబే. ఆయన డ్రిబ్లింగ్ చేయకూడదనే నియమం పెట్టి పోటీలు నడిపేవారట. బలహీనమైన కాలితోనే ఆడాలని కూడా. డ్రిబ్లింగ్ లేదంటే బంతి వచ్చేలోపే ఎవరికివ్వాలో తెలిసి ఉండాలి. మా మాస్టారు అదే నియమం మాకూ పెట్టేవారు. అప్పుడు విసుక్కునేవాళ్లం. రహీం సాబ్ క్యాన్సర్‌తో 1963లో పోయారు. ఆ పద్ధతి రాసి పెట్టినవాళ్లు లేక చాలా భాగం మాటల్లోనే మిగిలింది.

రేపటినుంచి వారంలో ఒక రోజు డ్రిబ్లింగ్ లేదు.


ఆగస్టు 9, శనివారం

రాఖీ పండుగ. పదకొండు మందే వచ్చారు.

వేళ్ల పాఠంలో ఇవాళ ఒక పరీక్ష పెట్టాను. పిల్లలు కొందరు తల తిప్పినట్టు చేసి ఏదో అంకె చెప్పేస్తున్నారని నాకు అనుమానం. వెనక నిలబడి చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. బంతి పోయింది. "మూడు సార్" అన్నాడు ఒకడు. "నాలుగు." "రెండు." చూడకుండానే.

పట్టీ గీత అందని ఆ చిన్న పిల్ల వంతు వచ్చింది. బంతి దూరంలో ఉండగానే ఒకసారి తిరిగింది. దగ్గరికి వచ్చాక ఇంకోసారి. బంతిని కాలి కింద ఆపి అంది.

"మీరు ఏం చూపియ్యలే సార్. చేతులు జేబుల ఉన్నయి."

తర్వాత నా వెనక గేటు దగ్గర ఆవు ఒకటి లోపలికి వస్తోందని కూడా చెప్పింది. నిజమే, వస్తోంది.


ఆగస్టు 24, ఆదివారం

మిలాన్ మొదటి లీగ్ ఆట. సొంత మైదానంలో క్రెమొనీస్ చేతిలో 2-1 ఓటమి. పై డివిజన్‌కు ఈ ఏడాదే వచ్చిన జట్టు. 40కి దగ్గర పడ్డవాడిని ఎందుకు తెచ్చారని ఇక్కడా మొదలవుతుంది. మాడ్రిడ్‌లో విన్న మాటే.


సెప్టెంబరు 9, మంగళవారం

40 నిండాయి.

నిన్న జాగ్రెబ్‌లో మాంటెనెగ్రోను 4-0తో ఓడించారు. దేశం తరఫున 180కి పైగా ఆటలు అయ్యాయి. మొదటిది 2006 మార్చి 1న, బాసెల్‌లో అర్జెంటీనాతో. మెస్సీ దేశం తరఫున తొలి గోల్ కొట్టిందీ ఆ ఆటలోనే. గెలిచింది క్రొయేషియా.

నా మోకాలు 31 ఏళ్లకే ఆట మాన్పించింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మైదానం వైపు చూడలేకపోయాను. గోడ అవతల పిల్లల అరుపులు వినబడితే కిటికీ వేసేవాడిని. మళ్లీ టీవీ ముందు కూర్చోబెట్టింది ఇతని ఆటే. ఆ మాట ఎప్పుడో ఒకచోట రాసుకోవాలని ఉండేది. ఇవాళ రాశాను.


సెప్టెంబరు 15, సోమవారం

రాత్రి 12.15కి ఆట. మిలాన్, బొలోన్యా. 61వ నిమిషంలో పెట్టె అంచున మోడ్రిచ్, నేలబారు కిక్కు, గోల్. 1-0. అదే ఆఖరి స్కోరు. మిలాన్ జెర్సీలో మొదటి గోల్.

నిద్ర లేకుండానే 5.30కి గ్రౌండ్‌కు పోయాను. నేల తడిగా ఉంది, ఆడనివ్వలేదు. షెడ్డులో కూర్చోబెట్టి చెప్పాను. మోడ్రిచ్ గోల్ కొట్టిండు, 40 ఏండ్లు నిండి వారం కాలే అని. చప్పట్లు కొట్టారు.

తర్వాత ఆ చిన్న పిల్ల అడిగింది.

"బంతి ఇచ్చిందెవరు సార్?"

కుడిపక్క నుంచి సాలెమేకర్స్ అని చెప్పాను. పేరు ఎవరికీ నోరు తిరగలేదు. బోర్డు మీద రాయమన్నారు. బాషిచ్ పేరు కింద జాగా ఉంది, అక్కడ రాశాను.